పాత ఫోనుకు కొత్త వెర్షన్

కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన ఫోన్లో లీనియేజ్ ఓఎస్ అనే ఆండ్రాయిడ్ రూపాన్ని వేసుకుని వాడుతున్న మన బడంగ్‌పేట్, దిల్‌సుఖ్‌నగర్ వాళ్ల కోసం ఈ నాలుగు మాటలు.

2016 చివర్లో సయనోజన్‌మాడ్ అనే ఇలాంటి పాత ప్రాజెక్టు మూతపడితే, దాని కోడ్‌తోనే లీనియేజ్ మొదలైంది. అదే వెర్షన్‌లో వచ్చే చిన్న అప్‌డేట్లు సెట్టింగ్స్‌లోంచే అయిపోతాయి. లీనియేజ్ 21 నుంచి 22కి, అంటే ఆండ్రాయిడ్ 14 నుంచి 15కి వెళ్లడం వేరే పని. దానికి కంప్యూటర్, మంచి కేబుల్, కాస్త ఓపిక కావాలి.

ముందు ఫొటోలు, వాట్సాప్ చాట్లు, ఫోన్ నంబర్లు బయట భద్రపరచండి. ఇది చేయకుండా కేబుల్ ముట్టుకోవద్దు.

తర్వాత ఫోను కోడ్‌నేమ్ చూడండి. రెడ్‌మీ నోట్ 7 'లావెండర్', నోట్ 7 ప్రో 'వయొలెట్'. పేర్లు దగ్గరే అయినా ఒకదాని లీనియేజ్ ఫైలు రెండోదానికి పనికిరాదు.

ఫోనును రికవరీలో పెట్టి ఫైలు పంపుతుంటే కంప్యూటర్లో కనిపించే అంకె ఒక్కోసారి 47 శాతం దగ్గర ఆగిపోతుంది. చాలామంది కంగారుపడి కేబుల్ పీకేస్తారు. దయచేసి పీకొద్దు, పని పూర్తయినా అలా కనిపించడం మామూలే. ఫోను తెరమీద ఏముందో చూడండి.

గూగుల్ యాప్స్ వాడుతుంటే కొత్త ఆండ్రాయిడ్‌కు సరిపడే ప్యాకేజీని, ఫోను మామూలుగా ఆన్ కాకముందే వేయాలి.

బూట్‌లోడర్‌ను మాత్రం మళ్లీ లాక్ చేయకండి, ఫోను అసలు లేవకపోవచ్చు. కొన్ని బ్యాంకు యాప్‌లు మొరాయిస్తాయి కాబట్టి, యూపీఐకి వేరే ఏర్పాటు ముందే చూసుకోండి.