ఖాళీ భూమి అని ఎవరన్నారు?

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా కార్వేటినగరంలో జరిగిన మన సంఘం యువజన సభలో ఒక గిరిజన హాస్టల్ వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)

సంఘం పెద్దలకు, ఇక్కడికొచ్చిన తల్లిదండ్రులకు, ముందు కుర్చీలు ఖాళీగా వదిలేసి వెనకాల బండ్ల మీద కూర్చుని వింటున్న తమ్ముళ్లకు, మా హాస్టల్ ఆడపిల్లలకు నమస్కారం.

ప్రతి ఏడూ నన్ను చదువు గురించి మాట్లాడమంటారు. ఈసారి పెద్దల్ని అడిగి వేరే విషయం తీసుకున్నాను. ఆ వెనకాల వరసలో ఉన్న బండ్ల గురించి మాట్లాడతాను. మేడమ్ తిట్టడానికి వచ్చిందని లేచి వెళ్లిపోకండి నాయనా. పూర్తిగా వినండి.

బండి అంటే నాకు కోపం లేదు. ఇక్కడి డైట్‌లో టీచర్ ట్రైనింగ్ చేసే రోజుల్లో మా మామ టీవీఎస్ ఎక్సెల్ మీద నేను బండి నేర్చుకున్నాను. ఎక్కడనుకున్నారు? ఎండిపోయిన చెరువులో. లైసెన్సు లేదు, హెల్మెట్ లేదు. రెండుసార్లు పడ్డాను. చెరువు ఎవరిదో ఆ రోజు నేనూ అడగలేదు. అందుకే మిమ్మల్ని దొంగల్లా చూసే హక్కు నాకు లేదు. నాకు ఆలస్యంగా తెలిసిన సంగతి మీకు ముందే తెలియాలని మాత్రం ఉంది.

డర్ట్ బైక్ అంటే ఏమిటో పెద్దవాళ్ల కోసం ఒక మాట చెబుతాను. రోడ్డు కోసం కాకుండా మట్టి, రాళ్లు, గుట్టలు ఎక్కడానికి చేసిన బండి అది. పోటీలకు వాడే అసలు మోటోక్రాస్ బండికి లైట్లు, అద్దాలు ఉండవు. రిజిస్ట్రేషన్ కూడా అవదు. కంపెనీయే దాన్ని ట్రాక్ మీద మాత్రమే నడపమని అమ్ముతుంది. ఇంకో రకం ఉంది. ఎక్స్‌పల్స్, హిమాలయన్ లాంటివి. వాటికి నంబరు ప్లేటు ఉంటుంది, రోడ్డు మీదా పోతాయి, మట్టిలోనూ పోతాయి. మూడో రకం మన ఊళ్లలో తయారవుతుంది. పాత స్ప్లెండర్‌కు మడ్‌గార్డు పీకేసి, సైలెన్సర్ మార్చి, గుబ్బల టైర్లు వేస్తారు. ఈ మూడూ మన గుట్టల మీద తిరుగుతున్నాయి. సెలవు రోజుల్లో పట్నాల నుంచి వచ్చేవాళ్లు మొదటి రెండు రకాలూ తెస్తున్నారు. వాళ్లను చూసి మన పిల్లలు మూడోది చేస్తున్నారు.

ఇప్పుడు నా మనసులో ఉన్నది చెబుతాను. మా హాస్టల్లో తొమ్మిదో తరగతి పాప ఒకతి ఉంది. ఊరి పేరు చెప్పను. సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్లి వచ్చాక ఆ పాప అన్నం సరిగా తినలేదు. ఏమమ్మా అంటే చెప్పలేదు. వారం తర్వాత వాళ్లన్న వచ్చాడు. పదిహేడేళ్లవాడు, ఇంటర్ మానేశాడు. హాస్టల్ గేటు దగ్గర నిలబడి వాడే చెప్పాడు.

పట్నం నుంచి ఎనిమిది బండ్ల మీద కుర్రాళ్లు వచ్చారట. గుట్టకు దారి చూపిస్తే ఐదు వందలిస్తామన్నారట. వీడు ముందు నడిచాడు. గుట్ట కింద చెట్ల పక్కన చిన్న చిన్న మట్టి దిబ్బలున్నాయి. బండి ఎగరేయడానికి బాగున్నాయని వాళ్లు ఆ దిబ్బల మీద నుంచి దూకించారు. ఒకరి తర్వాత ఒకరు, సాయంత్రం దాకా. వీడితోనే వీడియో తీయించారు.

అవి దిబ్బలు కావు. వాళ్ల తాతవి, ముత్తాతలవి, పురిట్లో పోయిన పిల్లలవి. మన వాళ్లలో చాలామంది సమాధి మీద రాయి పెట్టరు, పేరు రాయరు. మట్టి కప్పి, ఒక గుర్తు పెట్టుకుని వస్తారు. ఆ పిల్లోడు నాతో అన్న మాట ఇది: "అవి మావాళ్లని చెప్పడానికి నాకు నోరు రాలేదు మేడమ్. చెప్తే డబ్బులివ్వరేమో అనుకున్నా."

నేను వాణ్ణి తిట్టలేకపోయాను. ఐదు వందలంటే వాళ్లమ్మకు రోజు కూలి కంటే ఎక్కువ. తర్వాత ఆ ఊరి పెద్దలు వచ్చినవాళ్లను ఫోనులో పట్టుకుని అడిగారు. వాళ్లేమీ దురుసుగా మాట్లాడలేదట. "సారీ అన్నా, ఖాళీ భూమి అనుకున్నాం" అన్నారట. నిజంగానే అలా అనుకుని ఉంటారు. కానీ ఖాళీ భూమి అని వాళ్లకు ఎవరు చెప్పారు? రాయి లేదు, కంచె లేదు, బోర్డు లేదు. రికార్డులో చూస్తే పోరంబోకు అని ఒక్క మాట. మన వాళ్ల శ్మశానమని ఎక్కడా లేదు.

ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. కంచె లేని భూమి ఉంది కానీ, ఎవరిదీ కాని భూమి లేదు. అది ఎవరిదో ముందుగా తెలుసుకోవాల్సింది మనం. ఎందుకంటే అది పోతే ముందుగా నష్టపోయేది మనమే.

చట్టం సంగతి చూద్దాం. జమీందారీ రోజుల్లో ఇక్కడి గుట్టలు, అడవులు, చెరువులు కార్వేటినగరం సంస్థానంవి. 1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాక జమీందారీల్లోని అడవులు, పోరంబోకులు, ఉమ్మడి భూములు ప్రభుత్వానికి చేరాయి. ఈ రోజు మన చుట్టూ ఖాళీగా కనిపించే భూమిని నాలుగు రకాలుగా గుర్తు పెట్టుకోండి.

మొదటిది రిజర్వు ఫారెస్టు. 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం కింద అందులోకి అనుమతి లేకుండా చొరబడటమే నేరం. బండి మీద పోయినా, నడిచి పోయినా అంతే. రెండోది పోరంబోకు. చెరువు, వంక, మేత భూమి, శ్మశానం అన్నీ ఇందులోకే వస్తాయి. ఇవి ఊరి ఉమ్మడి అవసరం కోసం ఉన్నవి. 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, ఇలాంటి ఉమ్మడి భూములను ఆక్రమణల నుంచి విడిపించి ఊరికి అప్పగించమని రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. మూడోది డీకేటీ పట్టా భూమి. మనలో చాలామందికి ఉన్నది ఇదే. సాగు చేసుకోమని ప్రభుత్వం ఇచ్చిన భూమి ఇది. ఆదివారం బండ్ల ట్రాక్‌కు అద్దెకిస్తే నాలుగు డబ్బులొస్తాయని ఎవరైనా ఆశ పెడితే జాగ్రత్త. షరతు తప్పారని పట్టాకే ఎసరు రావచ్చు. నాలుగోది సొంత పట్టా. మామిడి తోట కావచ్చు, బీడు కావచ్చు. యజమాని ఒప్పుకోకుండా అందులో దిగకూడదు.

"రోడ్డు కాదు కదా మేడమ్, లైసెన్సు ఎందుకు?" అని నన్ను చాలామంది అడిగారు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో పబ్లిక్ ప్లేస్ అనే మాట ఉంది. రోడ్డు ఒక్కటే కాదు, జనానికి వచ్చిపోయే హక్కున్న చోటు ఏదైనా పబ్లిక్ ప్లేసే. మేకలు తోలుకుపోయే దారి, చెరువు కట్ట, మేత భూమి కూడా అందులోకి వస్తాయి. కాబట్టి అక్కడ కూడా లైసెన్సు, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, హెల్మెట్ అన్నీ కావాలి. ప్రభుత్వం రాతపూర్వకంగా అనుమతించకుండా పబ్లిక్ ప్లేసులో పందెం పెడితే 189వ సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అనుమతి లేకుండా బండి రూపం మార్చడం కూడా తప్పే.

పద్దెనిమిది నిండనివాళ్లు ఇది బాగా వినండి. 2019 సవరణలో 199ఎ అని కొత్త సెక్షన్ వచ్చింది. మైనర్ బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకో, బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. ఆ బండి రిజిస్ట్రేషన్ పన్నెండు నెలలు రద్దు. ఆ పిల్లోడికి ఇరవై ఐదేళ్లు నిండేదాకా లైసెన్సు రాదు. ఇరవై ఐదు దాకా లైసెన్సు లేకపోతే డ్రైవర్ ఉద్యోగం లేదు, డెలివరీ పని లేదు. ఒక్క సాయంత్రం సరదాకు ఏడెనిమిదేళ్ల బతుకుదెరువు పోతుంది.

సొంత తోటలో నడుపుకుంటే అడిగేవాడెవడు అంటారా? 2022 మే నెలలో కేరళలోని ఇడుక్కి జిల్లాలో, వాగమన్ దగ్గర ఒక తేయాకు తోటలో ఆఫ్ రోడ్ పోటీ జరిగింది. ప్రమాదాలు జరుగుతున్నాయని అక్కడి కలెక్టర్ అప్పటికే అలాంటి పోటీలను నిషేధించారు. పాల్గొన్న ఒక పేరున్న సినిమా నటుడికే జరిమానా పడింది. అంత పెద్దమనిషి కట్టేసి వెళ్లిపోయాడు. మనం అలా కట్టేసి వెళ్లిపోగలమా?

ఎందుకడుగుతున్నానంటే, మన పిల్లలకు కేసు ఖరీదు ఎక్కువ. 1871లో బ్రిటిష్ వాళ్లు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. 1911 తర్వాత అది మన మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఎరుకల వాళ్లను పుట్టుకతోనే నేరస్థులని పేర్లు రాసి హాజరు వేయించారు. 1952కల్లా దేశమంతటా ఆ చట్టం రద్దయింది. చూసే చూపు అంత తొందరగా రద్దు కాలేదు. ఇక మన గుట్టలు ఎర్రచందనం పెరిగే గుట్టలు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో పోలీసు కాల్పుల్లో ఇరవై మంది చనిపోయారు. అందులో జవ్వాది కొండల గిరిజనులూ ఉన్నారు. చీకటి పడ్డాక నంబరు ప్లేటు లేని బండి మీద అడవి అంచున కనిపించే కుర్రవాణ్ణి ఎవరూ సరదాకు వచ్చాడని అనుకోరు. పట్నం కుర్రాడు పట్టుబడితే వాళ్ల నాన్న కారులో వస్తాడు. మన పిల్లోడు పట్టుబడితే వాళ్లమ్మ కూలి మానుకుని స్టేషన్ బయట కూర్చుంటుంది. రేపు కానిస్టేబుల్ ఉద్యోగం వచ్చినా పోలీసు వెరిఫికేషన్‌లో ఆ కేసు బయటికొస్తుంది.

భూమికి జరిగే నష్టం కూడా చూడండి. మన గుట్టల మీద మట్టి పొర పలచన. గుబ్బల టైరు ఒకే దారిలో పదిసార్లు తిరిగితే గడ్డి వేర్లు తెగుతాయి. వాన పడితే ఆ గాడి కాలువ అవుతుంది. ఆ మట్టంతా చెరువులో చేరుతుంది. తీతువు గుడ్లు నేల మీదే పెడుతుంది. బుట్టలల్లే ఈత, మందుకు తెచ్చుకునే చెట్లు, మేకల మేత, అన్నీ అక్కడివే. ఎలక్ట్రిక్ డర్ట్ బైకులు వస్తున్నాయి, చప్పుడుండదు కదా అంటున్నారు. చప్పుడు పోతుంది. గాడి పోదు.

అయితే బండి మానేయమంటావా అంటే, లేదు. బెంగళూరుకు చెందిన సి.ఎస్. సంతోష్ 2015లో డకార్ ర్యాలీ పూర్తి చేసిన మొదటి భారతీయుడు. 2021లో అదే ర్యాలీలో పడి కోమాలోకి వెళ్లి బతికి బయటపడ్డాడు. అన్ని రక్షణలూ ఉన్నవాడికే అలా అయిందని గుర్తుంచుకోండి. ఆయన పెట్టిన శిక్షణ మైదానం మన పక్కనే కోలారు దగ్గరుంది. ఆడపిల్లలూ, మీకూ చెబుతున్నాను. బెంగళూరు అమ్మాయి ఐశ్వర్య పిస్సే 2019లో బాజా ప్రపంచ కప్ మహిళల విభాగంలో గెలిచింది. మోటారు క్రీడల్లో ప్రపంచ టైటిల్ తెచ్చిన మొదటి భారతీయురాలు ఆమే. వాళ్లు నేర్చుకున్నది, గెలిచింది నియమాలున్న చోట. ఈ ఆటకు దేశంలో ఎఫ్ఎంఎస్‌సీఐ అనే సమాఖ్య ఉంది, పోటీ లైసెన్సులుంటాయి. నడపడమే కాదు, బండి విప్పి బిగించడమూ చదువే. స్ప్లెండర్‌ను విప్పి డర్ట్ బైక్ చేసే చేతులున్న పిల్లోడు ఐటీఐలో మెకానిక్ సీటుకు ఎందుకు అప్లై చేయడు? హీరో బండ్ల ఫ్యాక్టరీ సత్యవేడు దగ్గరే ఉంది.

ఈ సభ అయ్యాక మీరు చేయగలిగినవి మూడు పనులున్నాయి.

ఒకటి. మీ ఊరి శ్మశానం, మేత భూమి, మేకల దారి ఏ సర్వే నంబర్లో ఉన్నాయో సచివాలయానికి వెళ్లి అడగండి. అడంగల్, ఎఫ్ఎంబీ పటం చూపించమనండి. రికార్డులో లేకపోతే సోమవారం గ్రీవెన్సులో అర్జీ పెట్టి రసీదు తీసుకోండి. ఫోన్లో వీడియో తీసే తెలివితో హద్దుల ఫొటోలు తీసి పెట్టండి.

రెండు. అడవి అంచు ఊళ్లవాళ్లు 2006 అటవీ హక్కుల చట్టం తెలుసుకోండి. మన జిల్లా షెడ్యూల్డ్ ఏరియా కాదు కాబట్టి పెసా వర్తించదు. కానీ అటవీ హక్కుల చట్టం వర్తిస్తుంది. మేత లాంటి ఉమ్మడి హక్కులు అందులో అడగొచ్చు. అడగాల్సింది గ్రామసభలో. గ్రామసభకు ముసలివాళ్లను పంపి మీరు గుట్టెక్కితే ఎలా?

మూడు. బండి నడపడానికి చోటు కావాలంటే అదీ గ్రామసభలోనే అడగండి. గుట్ట, చెరువు, శ్మశానం, మేత భూమి కాకుండా, యజమాని రాసిచ్చిన చోటు చూపించండి. కంచె, హెల్మెట్, పద్దెనిమిదేళ్ల నియమం మీరే రాసుకుని అధికారుల అనుమతికి పెట్టండి. పట్నం వాళ్లు వస్తే దారి చూపండి, డబ్బులూ తీసుకోండి. కానీ ఏ దారి చూపాలో, ఏది చూపకూడదో ఊరు ముందే తేల్చి ఉండాలి.

ఆ పిల్లోడి సంగతి చెప్పి ముగిస్తాను. వాళ్ల ఊరివాళ్లు శ్మశానం కోసం అర్జీ పెట్టారు. కొలతకు తేదీ రావాల్సి ఉంది. ఈలోగా వాడు, వాళ్ల మేనమామ కలిసి ఆ దిబ్బల మట్టి సర్ది చుట్టూ రాళ్లు పేర్చారు. మొన్న మళ్లీ బండ్లు వచ్చాయట. వీడు ఎదురెళ్లి "ఇటు వద్దన్నా, ఇక్కడ మా తాతలున్నారు" అన్నాడట. వాళ్లు బండ్లు ఆపి, చెప్పులు విప్పి, తోసుకుంటూ వెనక్కి తిప్పుకున్నారట.

ఆ రోజు వాడికి ఐదు వందలు రాలేదు. ఆ సంగతి నాకు చెప్పడానికి వాడు హాస్టల్ దాకా నడిచి వచ్చాడు. చెల్లెల్ని పిలిపించాను. ఆ పూట ఆ పాప రెండోసారి అన్నం పెట్టించుకుంది.