మందు మానవద్దు, బరువు మరువవద్దు



"మాత్రలు మొదలుపెట్టాక మా అబ్బాయి కేకలు మానేశాడు, రాత్రిళ్లు నిద్రపోతున్నాడు. కానీ నాలుగు నెలల్లో చొక్కాలేవీ పట్టడం లేదు. ఆపేద్దామా డాక్టరుగారూ?" తల్లులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఇది.

స్కిజోఫ్రెనియా వంటి జబ్బులకు ఇచ్చే మందుల్లో కొన్ని బరువు పెంచే మాట నిజమే. ఒలాంజపిన్, క్లోజపిన్‌లతో ఎక్కువ. రిస్పెరిడోన్, క్వెటియాపిన్‌లతో ఒక మోస్తరు. అరిపిప్రజోల్, హాలోపెరిడాల్‌లతో తక్కువ. ఇవి మెదడులో ఆకలిని అదుపు చేసే చోట కూడా పనిచేస్తాయి. అందుకే అన్నం తిన్న కాసేపటికే మళ్లీ ఆకలి అంటారు. అది తిండిపోతుతనం కాదు. దయచేసి ఎత్తిపొడవకండి.

బరువుతోపాటు షుగరు, బి.పి., కొలెస్ట్రాల్ పెరగవచ్చు. అవి గుండెకే కాదు, మెదడులోని రక్తనాళాలకూ చేటు. పక్షవాతానికి, మతిమరుపుకు దారితీయవచ్చు. అలాగని మందు ఒక్కసారిగా ఆపితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. తిరగబెట్టిన కొద్దీ కోలుకోవడం కొందరికి మరింత కష్టమవుతుంది. కాబట్టి మెదడును రెండు వైపులా కాపాడుకోవాలి.

మందు మొదలుపెట్టే రోజునే బరువు, నడుము కొలత, బి.పి. రాయించుకోండి. బరువు 4, 8, 12 వారాలకు, తర్వాత మూడు నెలలకొకసారి చూడండి. పరగడుపు షుగరు, కొలెస్ట్రాల్ పరీక్షలు మొదట్లోను, 3 నెలలకు, ఆపైన ఏటా చేయించండి. నడుము మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదు. 60 కిలోల మనిషి 3 కిలోలు పెరిగినా డాక్టరుకు చెప్పండి. మందు మార్చాలా, మెట్‌ఫార్మిన్ చేర్చాలా అన్నది డాక్టరు నిర్ణయిస్తారు. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం ఉంటే వెంటనే తీసుకురండి.

కూల్‌డ్రింకులు, బిస్కెట్లు, మిక్చరు ఇంట్లో ఉంచకండి. కంచంలో అన్నం తగ్గించి కూర, పప్పు పెంచండి. ఈ మార్పు ఇంటిల్లిపాదీ చేయాలి. ఒక్కరికే వేరు వంట పెడితే మనసు నొచ్చుకుంటుంది. రోజూ అరగంట నడక అవసరం. "వెళ్లి నడువు" అనకండి, "పద, వెళ్దాం" అనండి.

ప్రార్థన చేశాం కదా అని మాత్ర మానకండి. మాత్ర వేస్తున్నాం కదా అని తూకం మానకండి. ఆ మనసునూ ఈ దేహాన్నీ ఇచ్చినవాడు ఒక్కడే.

దేవుడు మీ కుటుంబాలను దీవించును గాక.