కరువు సీమలో మిత జీవనము

(పుట్టపర్తిలో సంఘ కుటుంబముల కూడికలో చేసిన ప్రసంగము)



మన అధ్యక్ష ఖండపు శతవార్షికోత్సవ సందర్భమున ఒక్కొక్క సంఘమువారు ఒక్కొక్క విషయమును గూర్చి మాట్లాడవలెనని పెద్దలు కోరినారు. పుట్టపర్తి వారమైన మాకు “మిత జీవనము” అను అంశము వచ్చినది. ఆ మాట వినగానే మా సంఘములోని ఒక అవ్వ నవ్వి, “ఏం నాయనా, ఈ సీమలో పుట్టినోళ్ళకి తక్కువతో బతకమని చెప్పల్లనా? చేపపిల్లకు ఈత నేర్పినట్టుండాదే!” అన్నది.

అవ్వ మాటలో న్యాయమున్నది. ఆమెకు జవాబు చెప్పకుండ ఈ విషయము మాట్లాడుట సరి కాదు. కనుక అక్కడనే మొదలుపెడుతున్నాము.

లేమి వేరు, మితము వేరు. లేమి మన మీద పడేది. మితము మనము కోరి ఎన్నుకొనేది. కడుపు నిండని వానితో ఇంకా తగ్గించుకొమ్మని చెప్పుట ఉపదేశము కాదు, గాయము మీద కారము చల్లుట. ఈ ప్రసంగము అటువంటి ఇంటికి కాదు. రెండు పూటల తిని, నెలకొక జీతమో పింఛనో చేతికి వచ్చి, కొళాయి త్రిప్పితే నీళ్ళు వచ్చే మా వంటి కుటుంబములకు. మన సంఘములలో అటువంటి కుటుంబములు ఇప్పుడు తక్కువ కాదు. అందుకు దేవునికి స్తోత్రము. అయితే దేవుడు ఇచ్చినదానిని మనము ఎట్లు వాడుచున్నామన్న లెక్క కూడ అప్పగించవలెను గదా.

మన నేల సంగతి మీరెరిగినదే. నైరుతి ఋతుపవనమును పడమటి కనుమలు అడ్డగిస్తాయి. ఈశాన్య ఋతుపవనము తూర్పు తీరమున కురిసి, మన వరకు వచ్చేసరికి బలహీనమవుతుంది. పాత అనంతపురం జిల్లాకు సంవత్సరమునకు సగటున 550 మిల్లీమీటర్లకు అటు ఇటుగానే వర్షము. అదియైనను అదనుకు రాదు. 2022 ఏప్రిల్ 4న పుట్టపర్తి కేంద్రముగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడినది. జిల్లా పేరు మారినది గాని మబ్బు దారి మారలేదు. చిక్కబళ్ళాపురం వైపు కొండలలో పుట్టి, మన ఊరి ప్రక్కగా సాగి, పెన్నలో కలిసే చిత్రావతి సంవత్సరములో చాలా నెలలు ఇసుకగానే కనబడుతుంది.

1876–78 నాటి ధాత కరువులో మద్రాసు రాజధానిలో లక్షలాది జనము చనిపోయినారు. ఆ కరువు మాట మన ఇండ్లలో తరతరములుగా వినబడుచునే వచ్చినది. ఆ భయముతో బ్రతికిన మన పెద్దలు ఏ వస్తువును ఊరక పోనిచ్చేవారు కారు. కొర్ర, సజ్జ, రాగి తిన్నారు. పాత చీరలను బొంత కుట్టినారు, బొంత చిరిగితే మసిగుడ్డ చేసినారు. బియ్యము కడిగిన నీళ్ళు కుడితి తొట్టిలోనికి, మొగము కడిగిన నీళ్ళు మునగచెట్టు పాదులోనికి పోయేవి.

అయితే ఆ రోజులే మంచివని మేము చెప్పబోము. ఆ ఇండ్లలో ఆకలి ఉన్నది, అప్పు ఉన్నది, పసిబిడ్డల సమాధులు ఉన్నవి. లేమిని పొగడుట మన పని కాదు. లేమి పోవలసినదే. కాని దానితోపాటు వారు నేర్చిన విద్యను కూడ మనము పారవేసికొన్నాము. అది బాధాకరము.

నీటినే చూడండి. 1995లో మొదలైన శ్రీ సత్యసాయి నీటి పథకము ద్వారా పాత అనంతపురం జిల్లాలో 700లకు పైగా గ్రామములకు త్రాగునీరు అందినది. ఫ్లోరైడు నీళ్ళు త్రాగి ఎముకలు వంగిన పల్లెలు ఈ సీమలో ఎన్ని ఉన్నవో మీకు తెలుసు. ఇది గొప్ప మేలని కృతజ్ఞతతో ఒప్పుకొంటున్నాము. అయితే చంకన బిందె మోసినంత కాలము నీళ్ళ బరువు మనకు తెలిసేది. కొళాయి వచ్చిన తరువాత ఆ బరువు మరచిపోయినాము. మా ఇంటిలో ఒక కొళాయి కారుచుండగా నెలల తరబడి బాగు చేయించలేదు. ఒక రాత్రి దాని క్రింద బొక్కెన పెట్టి చూస్తే, తెల్లవారేసరికి నిండి పొర్లుచున్నది. సిగ్గుపడినాము.

మన కాళ్ళ క్రింద ఉన్నది గట్టి రాయి. పైనున్న మెత్తని పొరలోను, రాతి పగుళ్ళలోను నిలిచినంత నీరే మనకున్నది. ఒకరు బోరు లోతు చేస్తే ప్రక్కవాని బావి ఎండుతుంది. బోరు మీద బోరు వేసి, చుక్క పడక, అప్పులు మాత్రము మిగిలిన రైతులు మన సంఘములలోను ఉన్నారు. కొళాయి మనది కావచ్చును గాని నీరు మన ఒక్కరిది కాదు. మన ఇంట ఊరక పారిన బొక్కెన ఎక్కడనో ఒక పొరుగువాని బిందెలో తక్కువ పడుతుంది.

ఈ మాట చెప్పుటకు మా ఊరిలో మేము మొదటివారము కాము. 1980ల తొలి సంవత్సరములలో సత్యసాయిబాబావారు తమ భక్తులకు కోరికలకు హద్దు పెట్టుకొనే కార్యక్రమమొకటి ఇచ్చినారు. ఆహారము, ధనము, కాలము, శక్తి, వీటిని వృథా చేయరాదనియు, ఆ విధముగా మిగిలినది సేవకు వినియోగింపవలెననియు దాని సారాంశము. మన విశ్వాసము వేరు, మన ఆరాధన వేరు. అయినను ప్రక్క ఇంటివారు దీపము పెడితే ఆ వెలుగు మన వాకిట కూడ పడుతుంది. వారిని చూచి మాకు ఒక ప్రశ్న కలిగినది. తగ్గించుకొన్నది ఎక్కడికి పోవలెను? మన పెట్టెలోనికే అయితే అది పిసినారితనమే గదా!

దీనికి జవాబు మాకు మొదటి రాజుల గ్రంథము 17వ అధ్యాయములో దొరికినది. అది కరువు అధ్యాయము. ఏలీయా కెరీతు వాగు ప్రక్కన ఉండగా ఆ వాగు ఎండిపోయినది. చిత్రావతి ఒడ్డున ఉన్న మనకు ఆ మాట వేరే వివరింప నక్కరలేదు. దేవుడు ఆయనను సారెపతులోని ఒక పేద విధవరాలి యొద్దకు పంపినాడు. ఆమె యొద్ద పిడికెడు పిండి, కొద్దిగా నూనె మాత్రమే ఉన్నవి. ప్రవక్త ఆమెను అడిగినది గమనించండి. మీరు తినగా మిగిలితే పెట్టుమనలేదు, ముందుగా ఒక చిన్న రొట్టె తనకు చేసి తెమ్మన్నాడు. మిగిలినది ఇచ్చుట వేరు, ముందు తీసి ఇచ్చుట వేరు. ఈ తేడా మాకు చదువుటవలన గాక, దెబ్బ తిని తెలిసినది.

కొన్ని సంవత్సరముల క్రితము మా ఇంట పెండ్లి జరిగినది. నలుగురిలో తక్కువ కాకూడదని అప్పు చేసినాము. దారి పొడవున ఫ్లెక్సీలు కట్టించినాము. మూడు తీపి పదార్థములు, రెండు రకముల బిరియాని, మనిషికొక నీళ్ళ సీసా. వచ్చినవారు సగము తిని సగము విడిచినారు. మరునాడు తెల్లవారి మండపము లెక్క తీర్చుటకు పోయినాము. వెనుక వాకిట అన్నము గుట్టగా పడి యున్నది, కుక్కలు తిరుగుచున్నవి. గిన్నెలు తోముటకు వచ్చినవారిలో మన సంఘపు సహోదరి ఒకామె ఉన్నది. ఎండకాలము వస్తే బెంగళూరుకు కూలికి పోయే కుటుంబము. ఆమె గుండిగ అడుగున మిగిలినది ఒక డబ్బాలో సర్దుకొంటూ మమ్ములను చూచి, డబ్బాను కొంగు చాటున పెట్టుకొన్నది. ఆదివారము ఒకే బల్ల యొద్ద ప్రభువు రొట్టెను తీసికొనేవారము మేమును ఆమెయును. ఆ డబ్బా దాచుకొనవలసి వచ్చినది ఆమె. అసలు తల దాచుకొనవలసినది మేము.

ఇది మా ఒక్క ఇంటి పాపము కాదు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ లెక్క ప్రకారము 2022లో ప్రపంచమంతట 105 కోట్ల టన్నుల ఆహారము వృథా అయినది. అందులో 60 శాతము ఇండ్లలోనే. అయిదువేల మందిని తృప్తిపరచిన తరువాత కూడ ముక్కలను పోగు చేయించిన ప్రభువుకు శిష్యులమని చెప్పుకొనే మనము దీనికి ఏమి జవాబు చెప్పగలము?

ఆ మరుసటి లెంటు కాలములో, నలువది దినములు మా ఇంట ఒక నియమము పెట్టుకొన్నాము. స్నానమునకు ఒక బొక్కెన. పళ్ళెములో తిన్నంతే వడ్డించుకొనుట. వారమునకు మూడు దినములు రాగి సంగటియో కొర్ర అన్నమో. క్రొత్త వస్తువు ఏది కొనవలెనన్నను మూడు దినములు ఆగి, అప్పటికిని అవసరమని తోస్తేనే కొనుట. దిన దినము తగ్గిన ఖర్చును సాయంత్రము వరకు ఆగకుండ ఉదయమే తీసి ఒక ముంతలో వేయుట.

అంతయు సాఫీగా జరిగినదని చెప్పితే అబద్ధమవుతుంది. పదియవ దినమున బంధువులు వచ్చినారు, నియమము చెదిరినది. పిల్లలు సణిగినారు. ఇంటివారందరికి మితము బోధించిన యజమానుడే అయిదవ కాఫీ అడుగుచు పట్టుబడినాడు. అప్పుడు ఇల్లాలు ఒక మాట అన్నది: “ఇంట్లో ఏది తగ్గించాలన్నా ముందు తగ్గేది ఆడదాని కంచమే.” అది మన ఇండ్లన్నిటిలో నిజము. చివర తినే తల్లి ఇంకొంచెము తక్కువ తింటే దానిని మితమనరాదు. మగవారి చేతినుండియు, ఎక్కువ ఖర్చు పెట్టేవారి చేతినుండియు తగ్గింపు మొదలు కావలెను.

ఈస్టరు నాడు ముంత పగులగొట్టినాము. పెద్ద మొత్తము కాదు. అయినను ఆ సహోదరి కూతురు ఆ సంవత్సరము తలిదండ్రులతో బెంగళూరు పోకుండ హాస్టలులో ఉండి చదువుకొనుటకు అది సహాయమైనది. ఆ దుడ్డు ఇచ్చుటకు పోయినప్పుడు ఏ ముఖముతో మాట్లాడుదుమా అని భయపడినాము. ఆమె తీసికొని, “అక్కా, పారేసేదాన్ని ఏరుకుంటే సిగ్గు. తీసిపెట్టింది ఇస్తే సిగ్గు ల్యా” అన్నది. సారెపతు కథకు ఇంతకంటె మంచి వ్యాఖ్యానము మేము వినలేదు.

ఇది క్రొత్త సంగతి కాదు. 18వ శతాబ్దములో జాన్ వెస్లీగారు ఆక్స్‌ఫర్డులో ఉండగా, సంవత్సరమునకు 30 పౌండ్లు వచ్చినప్పుడు 28తో గడుపుకొని 2 ఇచ్చినారనియు, మరుసటి సంవత్సరము 60 వచ్చినను 28తోనే జీవించి 32 ఇచ్చినారనియు చెప్పుదురు. రాబడి పెరిగినది గాని కంచము పెరగలేదు. మిజోరంలోని క్రైస్తవ స్త్రీలు 1910 నుండి వంట చేసిన ప్రతిసారి ముందుగా ఒక పిడికెడు బియ్యము దేవుని పనికి తీసిపెడుచున్నారు. మన తెలుగు సంఘములలోను తల్లులు ఎసట్లో బియ్యము పోయక ముందు పిడికెడు తీసి కుండలో వేసి, ఆదివారము గుడికి తెచ్చేవారు. వారిలో చాలామంది ఇండ్లలో బియ్యమే అపురూపము. అయినను ముందు తీసినారు.

ఈ శతవార్షికోత్సవమున మేము చేయు మనవి నాలుగు మాటలు.

మొదటిది, పిడికెడు గింజల కానుకను ప్రతి సంఘములో మరల ప్రారంభించుదము. బియ్యమే కానక్కరలేదు, రాగులైనను కొర్రలైనను సరే. అది మన మధ్యనున్న అవసరస్థులకే చేరవలెను.

రెండవది, ఉత్సవపు భోజనములను విస్తరాకులలోనో స్టీలు పళ్ళెములలోనో పెట్టుదము. 2022 జూలై 1 నుండి ప్లాస్టిక్ గ్లాసులు, పళ్ళెములు వంటివి దేశమంతట నిషిద్ధము. చట్టమునకు భయపడి కాదు, మన చేను, మన చెరువు అని మానివేయుదము. సీసాలకు బదులు కుండలతో నీళ్ళు పెట్టుదము. గిన్నెలు తోమేవారు వడ్డన మొదలు కాకముందే పంక్తిలో కూర్చుండవలెను.

మూడవది, గుడి కప్పు మీద పడిన వాన వీధిలోనికి పోకుండ, బోరు ప్రక్కన గుంత త్రవ్వి భూమిలోనికి ఇంకించుదము. ఆ నీళ్ళు మన ప్రక్కనున్న హిందువుల, ముస్లిముల బావులలోనికి కూడ పోవును. పోనిండు! అదియే మన సాక్ష్యము.

నాల్గవది, పెండ్లిండ్ల విషయమున కలిగినవారు ముందు తగ్గవలెను. కలిగినవాడు అట్టహాసము చేస్తే లేనివాడు అప్పు చేస్తాడు. సంఘ పెద్దల ఇండ్లలో ఒక్క పెండ్లి సాదాగా జరిగితే, పది మంది తలిదండ్రులకు ధైర్యము వస్తుంది. మేము ఆ ధైర్యము ఇవ్వలేకపోయినాము. మీరు ఇవ్వండి.

అవ్వకు మా జవాబు ఇంతే. అవ్వా, తక్కువతో బ్రతుకుట నీకు తెలుసు, నీకు నేర్పుటకు మేము రాలేదు. నీవు లేమిలోనే ముందు తీసిపెట్టినావు, మేము కలిమిలో కూడ మరచిపోయినాము. నీ యొద్ద నేర్చుకొనుటకే వచ్చినాము.

వాగు ఎండిన కాలమున పిండి తొట్టిని కాపాడిన దేవుడు మన ఇండ్లను, మన నేలను, మన పొరుగువారిని కాపాడును గాక. ఆమేన్.