గెలుపు తోడుకున్న వేళ



రాత్రి పాలు తోడుపెట్టి పడుకుంటాం. తెల్లవారి మూత తీస్తే పెరుగు. పాలు పెరుగైన ఆ క్షణాన్ని మనలో ఎవరమైనా చూశామా? లేదు కదూ. గిన్నె కాస్త వంచి చూస్తాం. తొణక్కపోతే తోడుకుందన్నమాట. మనుషుల సంగతీ అంతేనేమో! ఎన్నాళ్లుగానో వెనకబడినవాళ్లు బాగుపడటం మొదలుపెడితే, పక్కనే ఉన్న మనకు ఆ సంగతి ఎప్పుడు తెలుస్తుంది? దీనికి జవాబు నాకు ఒక ఆట కథలో దొరికింది. ఆటల గొడవ మనకెందుకని రేడియో కట్టేయకండి. చివరికి మనింటికే వస్తాను.

అమెరికాలో చికాగోను ఆనుకుని, మిషిగన్ సరస్సు ఒడ్డున, ఎవాన్‌స్టన్ అనే ఊరుంది. అక్కడి నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం చదువుకు పెట్టింది పేరు. ఫుట్‌బాల్‌లో మాత్రం చాలా ఏళ్లు నవ్వులపాలయింది. వాళ్ల ఫుట్‌బాల్ మన పిల్లలు ఆడేది కాదు. బంతి కోలగా ఉంటుంది. దాన్ని చేత్తో పట్టుకుని, అడ్డొచ్చినవాళ్లను తప్పించుకుంటూ, తోసుకుంటూ పరుగెత్తుతారు. శనివారం వచ్చిందంటే కాలేజీ ఆట చూడటానికి జనం తిరునాళ్లకు వెళ్లినట్లు వెళతారు.

ఈ జట్టు 1979 నుంచి 1982 దాకా వరసగా 34 ఆటలు ఓడిపోయింది. 1981లో, ఓటముల్లో పాత రికార్డు దాటిన రోజున, అందరికన్నా అధ్వాన్నం మేమేనని విద్యార్థులు కేకలు వేస్తూ గోల్ స్తంభాలు పీకేశారు. మరుసటి ఏడు ఎట్టకేలకు ఒక ఆట గెలిస్తే, మళ్లీ స్తంభాలు పీకి, మోసుకెళ్లి సరస్సులో పారేశారు. ఓడినా అదే గోల, గెలిచినా అదే గోల! నవ్వుకోకపోతే ఏడవాలి మరి, పాపం.

1992లో గ్యారీ బార్నెట్ అనే కోచ్ వచ్చాడు. ఈ జట్టును పాసడీనాకు తీసుకుపోతానన్నాడు. కాలిఫోర్నియాలోని ఆ ఊళ్లో కొత్త సంవత్సరం నాడు రోజ్ బౌల్ అనే పెద్ద ఆట జరుగుతుంది. 1949 తరువాత ఈ జట్టు ఆ గడప తొక్కలేదు. వచ్చిన మొదటి మూడేళ్లలో ఆయన గెలిపించిన ఆటలు మూడు, రెండు, మళ్లీ మూడు. జనం నవ్వరూ?

1995 సెప్టెంబరు 2న వీళ్లు నోటర్ డామ్ అనే పేరుమోసిన జట్టు మీదికి, వాళ్ల ఊరికే వెళ్లి ఆడారు. గెలిస్తే నన్ను భుజాలకెత్తుకోవద్దు, గెలుపు మనకు అలవాటే అన్నట్లు ఉండండి అని కోచ్ కుర్రాళ్లకు ముందే చెప్పి ఉంచాడు. 17-15తో నిజంగానే గెలిచారు.

మా మరిది అప్పట్లో ఆ దగ్గర్లోనే ఉద్యోగం చేసేవాడు. ఫోన్‌లో సంబరంగా చెబుతాడనుకుంటే, "ఏదో గాలివాటం గెలుపులే వదినా" అన్నాడు. రెండు వారాలకు సొంత మైదానంలోనే, ఒహాయోలోని మయామి అనే చిన్న జట్టుతో ఆట. 28-7తో ముందుండి కూడా, చివరికి 30-28తో ఓడిపోయారు. "నేను చెప్పలా!" అన్నాడు మరిది. ఆ గొంతులో విచారం లేదు. ఆశపడి భంగపడలేదన్న నిశ్చింతే ఉంది.

గిన్నె వంచి చూడటమంటే అదేనండీ. ఆ ఓటమి తరువాత ఆ కుర్రాళ్లు తొణకలేదు. వరసగా రెండు ఆటలు గెలిచారు. అక్టోబరు 7న మిషిగన్ జట్టును వాళ్ల మైదానంలోనే 19-13తో ఓడించారు. ఆ జట్టును వీళ్లు 1965 తరువాత ఓడించడం అదే.

ఆ వారం మరిది ఫోన్ చేసి అన్నమాట నేనింకా మరచిపోలేదు. "వదినా, ఇన్నాళ్లూ ఓడిపోతే నవ్వుకునేవాణ్ణి. ఇప్పుడు శనివారం వస్తోందంటే భయం వేస్తోంది, ఎక్కడ ఓడిపోతారోనని."

చూశారా! జట్టు మారిందని అతనికి తెలిసిన క్షణం అదే. సంబరంగా రాలేదది, భయంగా వచ్చింది. పోగొట్టుకోవడానికి ఏమైనా ఉన్నవాడికే కదా భయం!

ఆ తరువాత నవంబరు దాకా వాళ్లు ఒక్క ఆటా ఓడలేదు. 1996 జనవరి 1న పాసడీనాలో ఆడారు. అక్కడ 41-32తో ఓడిపోయారు, నిజమే. కానీ ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఇక మనింటికి వస్తాను. మా పెద్దవాడికి చిన్నప్పుడు లెక్కలు రావు. ముప్ఫై దాటితే గొప్ప. "వాడింతే" అని చుట్టాల ముందు నేనే నవ్వుతూ చెప్పేదాన్ని. అలా నవ్వితే నా బాధ కాస్త తేలికయ్యేది. ఒకసారి అరవై రెండు తెచ్చాడు. గుమ్మంలోంచే కాగితం ఊపుకుంటూ వచ్చాడు. "ఎవరి దగ్గర చూసి రాశావురా?" అన్నాను. వాడేమీ అనలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ తరువాత ఏడాదిపాటు మార్కుల సంగతి నాకు చెప్పలేదు. వాడు వాళ్ల నాన్నగారి చేత సంతకం చేయించుకుంటుంటే వంటింట్లోంచి చూసేదాన్ని.

నాకు వాడి మీద అపనమ్మకం కాదండీ. మళ్లీ ఆశపడాలంటే భయం. మరిదికి తన భయం సంగతి తెలిసింది. నాకప్పుడు తెలియలేదు, అంతే తేడా.

మీ ఇంట్లోనూ "వాడింతే", "దానికి రాదు" అని ముద్రపడినవాళ్లు ఎవరో ఒకరుండే ఉంటారు. వాళ్లు ఒక్కసారి గెలిస్తే గోల్ స్తంభాలు పీకినంత హడావుడి చేయనక్కర్లేదు. గాలివాటమని తీసిపారేయనూ వద్దు. తరువాత ఓ దెబ్బ తగిలినప్పుడు మళ్లీ పుస్తకం తీస్తున్నారా, మళ్లీ పొయ్యి వెలిగిస్తున్నారా, అది చూడండి. తీస్తున్నారంటే తోడుకుందన్నమాటే. ఈలోగా మాటిమాటికీ గిన్నె కదిలించకండి. కదిలిస్తే తోడుకునే పెరుగు కూడా విరిగిపోతుందని మీకు నేను చెప్పాలా?

సెలవు.