జ్ఞాపకంలో పూచిన కలువలు

పువ్వును ఎదుట పెట్టుకొని చిత్రించటం మేలా, మనసులో నిలుపుకొని చిత్రించటం మేలా అన్న వాదం చిత్రకారులలో చిరకాలంగా ఉన్నది. ఫ్రాన్సు దేశపు చిత్రకారుడు క్లోద్ మోనే జీవితాన్ని పరిశీలిస్తే దీనికి చక్కని సమాధానం దొరుకుతుంది.

మోనే 1883లో జివెర్నీ అనే పల్లెలో కాపురం పెట్టినాడు. 1893లో తన తోటకు ఎదురుగా, రైలుమార్గానికి ఆవల కొంత నేల కొని, కొలను త్రవ్వించి, కలువలు నాటించినాడు. క్రొత్త మొక్కలవలన నీరు చెడిపోవునని ఇరుగుపొరుగు రైతులు అభ్యంతరం చెప్పినారు. ఆయన పట్టు విడువలేదు. ఆ కలువలనే సుమారు 250 చిత్రాలుగా వేసినాడు. ఉదయపు నీరెండలో నీటి రంగు ఏమి, సంధ్యవేళ మబ్బునీడ ఏ ఆకుమీద వాలును అన్నవి ఆయనకు ఏండ్ల తరబడి చూచి చూచి కంఠస్థమైనవి.

అటువంటివాని కన్నులకు 1912లో శుక్లాలున్నట్లు వైద్యులు నిర్ధారణ చేసినారు. క్రమంగా ఎరుపులు బురదవన్నెగా తోచినవి. రంగు గొట్టాలపై పేర్లు చూచుకొని, పలకమీద రంగులను ఒకే వరుసలో అమర్చుకొని, ఆ అలవాటునే ఆధారం చేసుకొని కుంచె పట్టినాడు. గోడలంత పెద్ద కలువల పటాలకు ఆ సంవత్సరాలలోనే చిత్రశాలలో రూపు కల్పించినాడు. కొలను బయట ఉన్నది. దాని ప్రతిబింబం ఆయన లోపల ఉన్నది.

అయితే జ్ఞాపకమొక్కటే చాలునా? చాలదు. ఆనాటి కొన్ని చిత్రాలలో ఎరుపు, గోధుమ వన్నెలు మితిమీరినవి. తృప్తి కలుగని పటాలను ఆయనే నాశనం చేసినాడు. 1923లో కుడికంటికి శస్త్రచికిత్స జరిగిన పిమ్మట కొన్నింటిని తిరిగి దిద్దినాడు. జ్ఞాపకం చేయి పట్టి నడిపించినది. చూపు మరలివచ్చి తప్పొప్పులు తేల్చినది.

1926 డిసెంబరులో, 86వ యేట, మోనే మరణించినాడు. మరుసటి యేడు పారిస్‌లోని ఆరంజెరీ భవనంలో, అండాకారపు గదులు రెండింటిలో, సుమారు 2 మీటర్ల ఎత్తుగల ఆ కలువల పటాలు ప్రజల దర్శనార్థం వెలసినవి.

మన ఊరి చెరువులలోనూ కలువలు పూస్తున్నవి. చిత్రలేఖనం అభ్యసించే యువకులు, యువతులు పది దినాలు ఉదయ సాయంకాలాలు గట్టున కూర్చుండి వాటిని ఊరక చూడండి. పిదప ఇంట కూర్చుండి చిత్రించండి. ఆ చిత్రాన్ని తీసుకొని మరల చెరువుకడకు పొండి. కలువకూ మీ కలువకూ గల భేదం అక్కడ తెలుస్తుంది. ఆ భేదంలో ఎంత మీ ఏమరుపాటో, ఎంత మీ హృదయమో గుర్తించగలిగిననాడు మీ విద్య ఆరంభమైనట్లే.