దారిలో ఆగిన బండి, విరిగిన పాలు
(సంఘ కార్యదర్శులు, పాల రవాణాదారుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం)



పితికిన పాలు 3, 4 గంటలలోపు కూలరుకు చేరాలి. వేసవిలో అంత వ్యవధి కూడా ఉండదు. 40 లీటర్ల క్యాన్లు రెండు కట్టుకున్న మోటారు సైకిలు దారిలో మొరాయిస్తే పోయేది బండివాని కూలి ఒక్కటే కాదు, ఆ పాలు పోసిన ఇళ్ళన్నిటి రాబడి.

ఒక వేసవిలో నా బండి కొంతదూరం నడిచి, మిస్సింగు కొట్టి ఆగిపోయేది. కాసేపు నిలబెడితే మళ్ళీ కదిలేది. నేను ప్లగ్ మార్చాను, కార్బరేటర్ స్క్రూలు తిప్పాను. ఈలోగా పొద్దెక్కింది. కేంద్రంలో కాచి చూస్తే పాలు విరిగాయి. తీరా చూస్తే పెట్రోలు ట్యాంకు మూతలోని గాలి రంధ్రం దుమ్ముతో పూడిపోయింది. లోపలికి గాలి పోనిదే పెట్రోలు కిందికి దిగదు. మూత ఒకసారి తెరిచి ఉంటే అప్పుడే తెలిసేది.

కనుక స్పానరు పట్టే ముందు, మిస్సింగు ఎప్పుడు వస్తోందో గమనించండి. వాన తరువాత వస్తే ప్లగ్ క్యాపు, వైరు తుడిచి ఆరబెట్టండి. బరువుమీద పికప్ లేక నల్లపొగ వస్తే ఎయిర్ ఫిల్టరు చూడండి. పెట్రోలు పోయించిన వెంటనే మొదలైతే అందులో నీరు చేరిందేమోనని అనుమానించాలి. ఇప్పటి పెట్రోలులో ఇథనాలు కలుస్తోంది. నీరు ఎక్కువైతే అది పెట్రోలును విడిచి, నీటితో కలిసి అడుగుకు చేరుతుంది. అప్పుడు ట్యాంకు, కార్బరేటరు ఖాళీ చేయించవలసిందే.

తరువాత ఇంజను చల్లారనిచ్చి ప్లగ్ విప్పండి. మొన లేత గోధుమరంగులో ఉంటే మంచిది. పొడి మసి పట్టితే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. నూనెతో తడిసి నల్లగా ఉంటే ఇంజను ఆయిలు కాలుతోంది. అది మెకానిక్ పని. తెల్లబారితే పెట్రోలు చాలడం లేదు, ఇంజను అతిగా వేడెక్కుతోంది. పెట్రోలుతో తడిసి ఉంటే నిప్పురవ్వ సరిగా పడడం లేదేమో చూడాలి.

ఒకసారికి ఒక్కటే మార్చండి. మూడు కలిపి మారిస్తే ఏది లోపమో ఎన్నటికీ తెలియదు. 2020 ఏప్రిల్ తరువాత వచ్చిన బండ్లలో చాలావాటికి కార్బరేటరే లేదు. ఇంజను దీపం ఆరకుండా వెలుగుతుంటే వైర్లు కెలకకుండా మెకానిక్‌కు చూపండి.

ప్రతి బండిలో ఒక కొత్త ప్లగ్, ప్లగ్ స్పానరు, పొడిగుడ్డ ఉంచండి. ఒక్క మాట మరువరాదు: పది నిమిషాలలో బండి కదలకపోతే క్యాన్లను వేరే బండి ఎక్కించండి. మరమ్మతు సాయంత్రం చేసుకోవచ్చు, పాలు సాయంత్రం దాకా ఆగవు.

సెలవు.