పేరొకటే, నడత వేరు



సూరతులోని లింబాయత్‌లో తెలంగాణము నుండి తరలివచ్చిన నేత కుటుంబములు పెక్కు నివసించుచున్నవి. నేతవారి వాడుకలో మరమగ్గము సాంచె. పడుగు చుట్టిన దూలము భీము. ఒక కార్ఖానా నుండి భీము తెచ్చినవాడు పని ముగిసిన పిదప దానిని ఆ కార్ఖానాకే అప్పగింపవలెను. పొరుగు కార్ఖానాలో దింపి లెక్క తీరినదనుట చెల్లదు. కంప్యూటరు ప్రోగ్రాములకును ఇట్టి నీతియే కలదు.

‘సి’ భాషలో వ్రాసిన ప్రోగ్రాము తన పనికి కావలసిన జాగాను యంత్రస్మృతి నుండి మాలాక్ అను ప్రమేయము ద్వారా కోరును. పని తీరిన పిదప ఫ్రీ అను ప్రమేయముతో తిరిగి యిచ్చును. వీనిని సమకూర్చునవి లైబ్రరీలు. అవి పెక్కు. అన్నింట పేరులు ఒకటే. నడతలు మాత్రము ఒకటి గావు.

ఒక కార్ఖానాలో వారపు కూలి లెక్కించు ప్రోగ్రాము కలదనుకొనుడు. జ్వరముచే ఒక నేతగాడు ఆ వారము పనికి రాలేదు. అతని పద్దులు సున్న. ప్రోగ్రాము సున్న బైట్ల జాగా కోరును. లినక్సులోని గ్నూ లైబ్రరీ ఒక చిరునామా నిచ్చును. ఐ.బి.ఎం. వారి ఏ.ఐ.ఎక్స్. సాధారణముగా శూన్యమునే యిచ్చును. రెండును భాషాప్రమాణమునకు సమ్మతములే. కాని శూన్యము వచ్చినంతనే స్మృతి అడుగంటినదని తలంచు ప్రోగ్రాము అచట ఆగిపోవును. ఒక్కని సున్న వలన అందరి కూలియు నిలిచిపోవును.

జాగాను పెంచి తగ్గించు రీయలాక్ కథ మరింత చిక్కు. సున్నకు కుదింపుమన్నచో ఆ జాగా విడుదలయగునని 1989 నాటి ప్రమాణము చెప్పెను. 2024లో వెలువడిన ప్రమాణము అట్టి కోరికకు ఏ ఫలితమునకును హామీ యీయదు. నాటి మాట నమ్మి వ్రాసినది నేడు తప్పగును.

నిర్ణీత గుణిజమైన చిరునామాతో మొదలగు జాగా నిచ్చుటకు 2011 ప్రమాణము అలైన్డ్ అలాక్‌ను చేర్చెను. మైక్రోసాఫ్ట్ లైబ్రరీ దానిని సమకూర్చలేదు. వేరొక ప్రమేయము నిచ్చినది. దానితో పొందిన జాగాను దాని జత ప్రమేయముతోనే విడువవలెను, ఫ్రీతో విడువరాదు. భీము నీతి యిదియే.

కావున సున్న కోరవలసినచోట కనీసము ఒక బైటు కోరుట, కుదింపునకు బదులు ఫ్రీనే పిలుచుట, ఇచ్చిన చేతికే తిరిగి యిచ్చుట మేలు. ఊరు మారిన నేతగాడు అచటి కొలతయు కూలియు అడిగి తెలిసికొని గాని సాంచె ముందు నిలువడు. ప్రోగ్రాము వ్రాయువానికిని ఆ జాగ్రత్తయే అన్నము పెట్టును.